మందుచీటీ ఒకరికి, జబ్బు ఇద్దరికి

1974 మే 8వ తేదీన దేశమంతటా రైలు చక్రాలు ఆగిన నాడు ఇరవై అయిదు, ముప్పై ఏండ్ల ప్రాయంలో ఉన్న సోదరులు ఈనాడు డెబ్బై అయిదు దాటి ఎనభైలలో ఉన్నారు. నాడు వారిలో వేలాది మంది జైళ్ళకు వెళ్ళారు. ఉద్యోగాలు పోగొట్టుకొన్నవారిలో ఎందరో 1977 తరువాత గాని తిరిగి విధులలో చేరలేకపోయారు. పోలీసులు క్వార్టర్ల తలుపులు తట్టినప్పుడు ఎదురు నిలిచి సమాధానం చెప్పినది, చేతిలో కాసు లేని ఆ రోజులలో పొయ్యి ఆరకుండా చూచినది వారి ఇల్లాండ్రు. ఆ ఇల్లాండ్రకు ఈ ముసలితనంలో మరొక కష్టం వచ్చిపడింది. కరువు భత్యం గురించి, బోనసు గురించి, కేడర్ రీస్ట్రక్చరింగ్ గురించి మన పత్రికలో ఎన్ని పుటలు నిండినవో నేను లెక్కపెట్టలేదు గాని, ఈ కష్టం గురించి అరపుట కూడా చదివిన గుర్తు నాకు లేదు.

ఆర్.ఎం.ఎస్.లో ముప్పై ఆరేండ్లు సార్టరుగా పనిచేసి విరమించిన ఒక మిత్రుని ఇంటికి నిరుడు వెళ్ళాను. రైల్వేవారూ తపాలావారూ కూడా మావాడే అని చెప్పుకొనదగిన మనిషి. రాత్రి మెయిల్ వానులో, బండి ఊగుతుండగా నిలబడి, ఉత్తరాలను గళ్ళలోకి వేసిన చేతులవి. కాజీపేట దాటిన తరువాత వరంగల్లు, మానుకోట, డోర్నకల్లు, ఖమ్మం, మధిర, బెజవాడ అని వరుస తప్పకుండా ఇప్పటికీ అప్పజెప్పగలరు. ఎదుట నిలబడి కాఫీ అందిస్తున్న భార్యను మాత్రం, "ఎవరమ్మా మీరు? మా ఇంటావిడ ఇంకా రాలేదు" అన్నారు.

రాత్రి రెండు గంటలకు లేచి డ్యూటీకి వేళయినదని చొక్కా తొడుక్కొంటారట. తలుపుకు తాళం వేస్తే బాదుతారు, వేయకపోతే స్టేషను దారి పడతారు. ఆమెకు డెబ్బై రెండేండ్లు. ఎడమ మణికట్టుకు పట్టీ ఉన్నది. స్నానం చేయించబోతే ఆయన తోసినారని, ఆయన తప్పేమీ లేదని ఆమెయే చెప్పింది. గంపెడు పాత శుభలేఖలు, ఖాళీ కవర్లు ఇంట్లో పోగుచేసి ఉంచింది. మనసు కుదురుగా లేని పూట అవి ముందు పెడితే, ఆయన ఊరూరికీ ఒక దొంతి చేసి గంటసేపు సార్టింగ్ చేస్తూ కూర్చొంటారు. ఆ ఉపాయం ఆమెకు ఎవరూ నేర్పలేదు. తానే కనిపెట్టుకొన్నది.

"అన్నయ్యగారూ, మూడు నెలలకొకసారి ఆస్పత్రికి తీసుకొని పోతాను. ఆయనకు మాత్రలు వ్రాస్తారు. స్నానం ఎట్లా చేయించాలి, ముద్ద నోట్లో పెట్టుకొని మింగకుండా కూర్చొంటే ఏం చేయాలి అని అడిగితే 'ఓపిక పట్టండమ్మా' అంటారు. మాత్రలు మూడో కౌంటరులో ఇస్తారు. ఓపిక ఏ కౌంటరులో ఇస్తారండీ?" అని ఆమె అడిగినది. నా వద్ద సమాధానం లేకపోయింది. ఈ వ్యాసం ఆ ప్రశ్న వలననే వ్రాస్తున్నాను.

మన ఇండ్లలో ఈ జబ్బుకు మొదట పెట్టే పేరు చాదస్తం. కొంతకాలానికి అది మతిమరుపు అవుతుంది. డాక్టరు డిమెన్షియా అనే మాట పలికేసరికి రెండు మూడేండ్లు గడచిపోయి ఉంటవి. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరవడం వయసు లక్షణం కావచ్చును. తాళంచెవిని చేతిలో పట్టుకొని ఇది దేనికి పనికివస్తుంది అని అడగడం మెదడుకు వచ్చిన వ్యాధి. ఇందులో ఎక్కువ భాగం అల్జీమర్స్ అనే రకం. మెదడు రక్తనాళాలు మూసుకొనడం వలన వచ్చేది మరొక ముఖ్యమైన రకం. థైరాయిడ్ కొరత, బి-12 విటమిన్ కొరత, మనోవ్యాకులత వంటివి కూడా ఇదే వేషంలో రావచ్చును. వాటికి చికిత్స ఉన్నది. కనుక చాదస్తమని కొట్టివేయక ముందుగా పరీక్ష చేయించడం ఎంతో అవసరం.

2023లో ప్రచురితమైన జాతీయస్థాయి అధ్యయనం అంచనా ప్రకారం అరవై ఏండ్లు నిండిన భారతీయులలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నది. పురుషులలో నూటికి 5.8 అయితే స్త్రీలలో 9, పట్టణాలలో 5.3 అయితే గ్రామాలలో 8.4. ఇది పట్నవాసపు పెద్దింటి జబ్బు అని భావించేవారు ఈ చివరి రెండు అంకెలను మరొకసారి చదవవలె.

మందుల సంగతి ఎక్కువ చెప్పవలసినది లేదు. డోనెపెజిల్, మెమాంటిన్ వంటివి లక్షణాలను కొంతకాలం కొంతవరకు తగ్గిస్తవి. వ్యాధి తొలిదశలో మాత్రమే ఇవ్వదగిన, అత్యంత ఖరీదైన కొత్త సూదిమందులు ఇటీవల కొన్ని దేశాలలో అనుమతి పొందినవి. అవి కూడా వ్యాధిని నయం చేయవు. రోగి ఆ తరువాత జీవించే ఏండ్ల తరబడి కాలానికి చికిత్స అనదగినది ఒక్కటే, పరిచర్య. ఆ పరిచర్య చేసేవారికి జీతం లేదు, సెలవు లేదు, శిక్షణ లేదు, మస్టరు లేదు. ఎనిమిది గంటల పనిదినం కొరకు పోరాడిన మనం, మన ఇంటిలోనే ఇరవై నాలుగు గంటల డ్యూటీ నడుస్తుంటే దానిని ధర్మమనీ, ఇల్లాలి సహనమనీ పేరుపెట్టి పక్కకు పోతున్నాము.

ఇంటికి వచ్చే నర్సు ఒకరు ఉంటే ఏమి చేస్తుంది? ఆమె రోగి వద్ద కూర్చొని కాపలా కాయదు. అట్టివారిని ఆయా అంటారు. నర్సు చేసే పని వేరు. స్నానానికి నిరాకరించే మనిషితో వాదించరాదని, నీళ్ళు నెత్తిన గుమ్మరించక ముందు పాదాల నుండి మొదలుపెట్టవలెనని, తువాలు చేతికిచ్చి తానే తుడుచుకొంటున్నట్లు అనిపించవలెనని చేసి చూపుతుంది. దీపాలు పెట్టే వేళకు కలవరం ఎందుకు హెచ్చుతుందో చెప్పి, ఆ గంటలో గదిలో వెలుతురు నిండుగా ఉంచమంటుంది. "మా అమ్మ ఎక్కడ?" అని ఎనభై ఏండ్ల మనిషి అడిగితే, "ఆమె పోయి నలభై ఏండ్లయింది" అని చెప్పి ప్రతిసారీ కొత్తగా ఏడిపించడం కంటే, "అమ్మ ఏం వండేది?" అని మాట మళ్ళించడం మేలని నేర్పుతుంది. అన్నం పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టకపోతే మెతుకులు ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా వస్తుందని హెచ్చరిస్తుంది. మంచం పట్టిన తరువాత రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పడమెట్లాగో, తన నడుము విరగకుండా అంత బరువును జరపడమెట్లాగో చేతులతో చూపుతుంది.

అన్నింటికంటె ముఖ్యమైనది ఒకటున్నది. నెలల తరబడి ఒకేతీరుగా ఉన్న మనిషి ఒకటి రెండు రోజులలో హఠాత్తుగా దిగజారితే, పిచ్చి ముదిరినదని ఇంటివారు నిరాశపడతారు. చాలాసార్లు అది మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నీరు చాలకపోవడం, లేక కొత్తగా ఇచ్చిన మాత్ర వలన కలిగిన సన్నిపాతం. సకాలంలో గుర్తిస్తే తగ్గుతుంది. దీనిని మొదట పసిగట్టగలిగినది ఇంట్లో ఉన్న మనిషి మాత్రమే. ఆమెకు ఈ సంగతి చెప్పినవారు లేరు. ఇక అరుపులు ఆపడానికి విరివిగా వ్రాసే మానసిక వ్యాధుల మందుల విషయం. డిమెన్షియా ఉన్న వృద్ధులలో వాటివలన మరణాలు పెరుగుతున్నవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరిక జారీచేసింది. పరిచర్య తెలిసిన మనిషి లేని ఇంట, మందు చేత నోరు మూయించడమే పరిచర్య అవుతున్నది.

రైల్వే సోదరులు తెలుసుకొనదగిన కథ ఒకటి జపానులో జరిగినది. 2007 డిసెంబరులో ఐచి రాష్ట్రంలోని ఓబు పట్టణంలో డిమెన్షియా ఉన్న 91 ఏండ్ల వృద్ధుడు ఇల్లు వదలి వెళ్ళి, రైలు పట్టాల మీదికి చేరి, బండి క్రింద పడి మరణించాడు. ఆయనను కనిపెట్టుకొని ఉన్న భార్యకు అప్పటికి 85 ఏండ్లు. కొద్ది నిమిషాలు ఆమెకు కునుకు పట్టినది. ఆ కొద్ది నిమిషాలలోనే ఆయన బయటికి నడిచాడు. ఆయనను చూచుకొనడం కొరకే పెద్దకోడలు యొకోహామా నుండి వచ్చి దగ్గరలో కాపురం పెట్టిన కుటుంబమది. బండ్లు ఆలస్యమై నష్టం వచ్చినదని రైల్వే కంపెనీ ఆ కుటుంబం మీద దావా వేసింది. భార్య, పెద్దకొడుకు కలిసి సుమారు 72 లక్షల యెన్‌లు చెల్లించవలెనని 2013లో జిల్లా కోర్టు తీర్పు. 2014లో హైకోర్టు ఆ భారాన్ని సగానికి తగ్గించి భార్య ఒక్కతె మీద మోపింది. 2016 మార్చి 1న సుప్రీంకోర్టు రెండింటినీ త్రోసిపుచ్చి, భార్య అయినంత మాత్రాన పర్యవేక్షణ బాధ్యత చట్టరీత్యా ఆమెపై పడదని, ఆ కుటుంబం చెల్లించవలసినది ఏమీ లేదని నిర్ణయించింది.

దావా వేసినది రైల్వే కంపెనీ అనే సంగతి మనకు కొంచెం సిగ్గు కలిగించవలె. కునుకు తీసిన 85 ఏండ్ల స్త్రీని బాధ్యురాలిని చేయడానికి ఏండ్ల తరబడి కోర్టులు చర్చించవలసి వచ్చినది. వృద్ధుల సంరక్షణ కొరకు 2000 ఏప్రిల్ నుండి ప్రత్యేక బీమా పథకం నడుపుతున్న దేశంలోనే పరిస్థితి ఇట్లా ఉన్నది. మన దేశంలో అట్టి పథకమే లేదు. మన లోకో పైలట్లు బ్రేకు వేసినా ఆగని క్షణాలలో పట్టాల మీద కనిపించిన ముసలివారిని ఆత్మహత్య అనో, నిర్లక్ష్యం అనో వ్రాసుకొంటున్నాము. వారిలో ఇల్లు వెదుక్కొంటూ బయలుదేరినవారు ఎందరో.

పరిచారకులకు అండ ఇవ్వడమనేది కేవలం ఊహ కాదు. ఇంగ్లండులో అడ్మిరల్ నర్సులనే వారున్నారు. వీరి పని ప్రధానంగా కుటుంబంతోనే. జోసెఫ్ లెవీ అనే ఆయనకు ఈ జబ్బు వచ్చినప్పుడు ఆయన కుటుంబం పడిన అవస్థ నుండి 1990లలో ఈ సేవ పుట్టింది. పడవల మీద మక్కువ చేత ఆయనకు అడ్మిరల్ జో అని ముద్దుపేరు ఉండేది, అదే నర్సులకు వచ్చినది. ఇది ధర్మసంస్థ దన్నుతో నడిచేది గనుక అక్కడ కూడా అన్ని ప్రాంతాలకు అందడం లేదు. దానం మీద ఆధారపడిన హక్కు ఎంత దూరం నడుస్తుందో మనకు తెలియనిది కాదు.

అంత దూరం పోనవసరం లేదు. గోవాలో జరిగిన ప్రయోగం ఫలితాలు 2008లో వెలువడినవి. రెండు తాలూకాలలో 81 కుటుంబాలను తీసుకొన్నారు. పాఠశాల చదువు పూర్తిచేసిన స్థానికులకు వారం రోజుల శిక్షణ ఇచ్చి, పక్షానికొకసారి అయినా ఇంటికి పంపారు. వారి వెనుక ఒక మానసిక వైద్యుడు, ఒక కౌన్సెలర్ ఉన్నారు. వారు జబ్బు గురించి చెప్పారు, పరిచర్యలో మెళకువలు నేర్పారు, ఇతర కుటుంబాలతో పరిచయం కల్పించారు, రావలసిన ప్రభుత్వ సహాయం గురించి సలహా ఇచ్చారు. ఆరు నెలలు గడచేసరికి, ఈ సహాయం పొందిన ఇండ్లలో పరిచర్య చేసేవారి మానసిక ఆరోగ్యం మిగిలిన ఇండ్లవారి కంటె మెరుగుపడింది. కేరళలో 2008 నాటి పాలియేటివ్ విధానం తరువాత పంచాయతీల ద్వారా నర్సులు మంచం పట్టినవారి ఇండ్లకు వెళ్ళి వస్తున్నారు. బడ్జెటు లేదనే మాటకు ఈ రెండూ చాలిన సమాధానం.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. గోవా ఉదాహరణ చూపగానే యాజమాన్యం సంతోషంగా ఒప్పుకొని, గౌరవవేతనం మీద, కాంట్రాక్టు మీద, నాలుగు రోజుల శిక్షణతో మనుషులను నియమించి చేతులు దులుపుకొనవచ్చును. ఆశా కార్యకర్తల విషయంలో జరిగినది చూచాము. స్థానికుల సహాయం మంచిదే. దానిని నడిపించేది మాత్రం శిక్షణ పొందిన నర్సు, క్రమబద్ధమైన పోస్టులో ఉన్న నర్సు కావలె. ఇంటికి పోయే ఉద్యోగిని అనే భావన రైల్వే వైద్యశాఖకు కొత్త కాదు. లేడీ హెల్త్ విజిటర్ అనే హోదా ఆ శాఖ ఎరిగినదే. బాలింతల కొరకు గడప తొక్కినవారు వృద్ధుల కొరకు తొక్కలేరా? విరమించిన ఉద్యోగుల ఆరోగ్య పథకం క్రింద రైల్వే ఆస్పత్రులలో, సి.జి.హెచ్.ఎస్. వెల్‌నెస్ సెంటర్లలో ఇట్టి నర్సు ఉండవలెనని, రోగి కార్డు మీద పరిచర్య చేసేవారి పేరు కూడా ఎక్కించి ఆమె రక్తపోటు, ఆమె నిద్ర, ఆమె నడుమునొప్పి కూడా ఆస్పత్రి పనిగా భావించవలెనని మనం కోరవలె.

తపాలా సోదరులకు ఇందులో మరొక చిక్కున్నది. సి.జి.హెచ్.ఎస్. నగరాలను దాటి రాదు. దాని పరిధికి బయట ఉన్న పింఛనుదారులకు నెలవారీ వైద్య భత్యం 2017లో వేయి రూపాయలుగా నిర్ణయింపబడినది. పెద్దల డయాపర్లు ఒక నెలకు ఎంత అవుతవో మందుల దుకాణంలో అడిగి తెలుసుకొనవలసిందిగా ఆ నిర్ణయం చేసినవారిని కోరుతున్నాను. గ్రామీణ డాక్ సేవకులకు సి.జి.హెచ్.ఎస్. భాగ్యమే లేదు. వ్యాధి గ్రామాలలో ఎక్కువ, వైద్యం నగరాలలో ఉన్నది.

మరొక విచిత్రం చూడండి. 2020 నుండి పోస్ట్‌మ్యాన్ పింఛనుదారు ఇంటికే వెళ్ళి డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ చేసి ఇస్తున్నాడు. నవంబరు వచ్చిందంటే, మంచం మీది నుండి లేవలేని మనిషి వేలిముద్ర తీసుకొనడానికి ఇంటి లోపలికి పోయే ప్రభుత్వ ఉద్యోగి అతడే. మనిషి బ్రతికి ఉన్నాడా అని చూచిరమ్మని పంపిన ప్రభుత్వం, ఎట్లా బ్రతుకుతున్నాడు, ఎవరు బ్రతికిస్తున్నారు అని చూచిరమ్మని మరొకరిని పంపలేదు. ఈ పని కూడా పోస్ట్‌మ్యాన్ నెత్తిన వేయమని నా ఉద్దేశం కాదు. అతని బీటు ఇప్పటికే బరువెక్కి ఉన్నది.

ఉద్యోగంలో ఉన్న కొడుకులకు, కూతుళ్ళకు సెలవు సంగతి. పిల్లల సంరక్షణ కొరకు మహిళా ఉద్యోగులకు 730 రోజుల సెలవు 2008 సెప్టెంబరు నుండి అమలులోనికి వచ్చినది. అది సాధించుకొన్న హక్కు. వృద్ధుల సంరక్షణకు అట్టి సెలవు లేదు. 2025 జూలైలో రాజ్యసభలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు ప్రభుత్వం ఇచ్చిన సమాధానం ఏమిటంటే, ఏడాదికి 30 రోజుల ఆర్జిత సెలవు, 20 రోజుల సగం జీతపు సెలవు, 8 రోజుల కాజువల్ సెలవు, 2 ఐచ్ఛిక సెలవులు ఉన్నవి గదా, తల్లిదండ్రుల సంరక్షణకు కూడా వాటినే వాడుకొనవచ్చును అని. సిబ్బంది కొరత వలన ఆర్జిత సెలవు మంజూరు కావడమే గగనమైన స్టేషన్ మాస్టర్‌కు, పాయింట్స్‌మన్‌కు ఈ సమాధానం చదివి వినిపించండి, ఏమంటారో.

మనలో మనం మాట్లాడుకొనవలసినది కూడా కొంత ఉన్నది. "మా అమ్మను మా ఆవిడ చూచుకొంటున్నది" అని మన సభ్యులు గర్వంగా చెప్పుకొంటారు. చూచుకొనడమంటే ఏమిటో ఒక్క వారం తాము చేసి చూడలేదు. ఇది ఇంటి విషయం, యూనియన్ విషయం కాదనేవారూ ఉన్నారు. ప్రసూతి సెలవును కూడా ఒకనాడు ఇంటి విషయమనే అన్నారు. కోడలు సరిగా చూడడం లేదని ఊరంతా చెప్పుకొనే బంధువులు ఒక్క పూట వచ్చి కూర్చొని ఆమెను నిద్రపోనివ్వరు.

మన చేతిలోనే ఉన్న పని ఒకటి చెబుతాను. ప్రతి రైల్వే కాలనీలోను ఇన్‌స్టిట్యూట్ భవనాలున్నవి. సాయంకాలం చీట్లపేకకు, క్యారమ్స్‌కు తెరుస్తారు. పగలు తాళం వేసి ఉంటవి. ఉదయం పది నుండి రెండు వరకు ఆ హాలులో నలుగురైదుగురు వృద్ధులను కూర్చోబెట్టుకొని, ఇద్దరు సహాయకులు, వారానికి రెండుసార్లు వచ్చే నర్సు ఉంటే, నాలుగు ఇండ్లలో నలుగురు ఇల్లాండ్రకు నాలుగేసి గంటల నిద్ర దొరుకుతుంది. నా మిత్రుని భార్య కోరినది అంతకంటె ఎక్కువ కాదు. "ఒక్క మధ్యాహ్నం తలుపు వైపు చూడకుండా పడుకోవాలని ఉన్నది" అన్నది. భవనం యాజమాన్యానిది, దాని నిర్వహణ కమిటీలలో మనవారూ ఉన్నారు.

సంప్రదింపుల యంత్రాంగంలో ఈ విషయం లేవనెత్తవలెనంటే అధికారులు మొదట అడిగేది, ఎందరున్నారు అని. అందుచేత శాఖా కార్యదర్శులు రానున్న పింఛనుదారుల సమావేశాలలో ఒక కాగితం త్రిప్పవలసిందిగా కోరుతున్నాను. పేర్లు వ్రాయనక్కరలేదు, ఇంటి గౌరవం ఇంటివారిది. రోగి వయసు, జబ్బు ఎప్పుడు గుర్తించారు, ఎవరు చూచుకొంటున్నారు, చూచుకొనేవారి వయసు ఎంత, వారికి ఏమేమి జబ్బులున్నవి, వారు చివరిసారి రాత్రంతా ఎప్పుడు నిద్రపోయారు. ఈ ఆరు గడులు చాలును. సమావేశానికి భర్తలు మాత్రమే వస్తారు గనుక ఆ కాగితాన్ని ఇంటికి పంపి, నింపవలసినవారి చేతనే నింపించండి.